‘క్యాషూ’ అనే ఇంగ్లీషు మాట ఎక్కడిది? మన ‘జీడి’తో దానికి సంబంధం ఉందా?

జీడిమామిడిని ఇంగ్లీషులో ‘క్యాషూ’ అనడానికీ, డబ్బును ‘క్యాష్’ అనడానికీ సంబంధం ఉందా అని అడిగారు. లేదు. డబ్బు పేరు పెట్టె అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. చెట్టు పేరు బ్రెజిల్ తీరంలోని టుపీ భాషది. అక్కడివారు ‘అకజూ’ అన్నదాన్ని పోర్చుగీసువారు మొదటి అచ్చు వదిలేసి ‘కజు’ అన్నారు. అందులోని ‘జ’ మనం పలికే జకారం కాదు, ఇంగ్లీషు ‘ట్రెజర్’ అనే మాట నడుమ వినిపించే ధ్వని. ఇంగ్లీషువారి నోట అది ‘ష’ వైపు ఒరిగింది. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారే ఈ చెట్టును మన పశ్చిమ తీరానికి తెచ్చారు కనుక కొంకణి, హిందీ భాషల్లో ‘కాజు’ నిలిచింది.

తెలుగు మాత్రం ఆ పేరు తీసుకోలేదు. ఎందుకో నాకు పుస్తకాల కన్నా ముందు ఉద్దానంలోని మా అమ్మమ్మ గారి తోటలో తెలిసింది. ఎనిమిదేళ్ల వయసులో పచ్చి జీడిపిక్కను పంటితో కొరికితే, డొల్లలోని నూనె తగిలి పెదవులు వారం రోజులు పొక్కిపోయాయి. “నల్లజీడైనా ఇదైనా ఒకటే, ఒంటికి తగిలితే కాలుస్తుంది” అని అమ్మమ్మ కొబ్బరినూనె రాసింది. నల్లజీడి మన అడవుల్లో ఎప్పటి నుంచో ఉన్న చెట్టు; దాని రసంతోనే చాకలివారు బట్టలకు చెరగని గుర్తులు పెట్టేవారు. అలాగే కాల్చే రసమున్న కొత్త చెట్టు వచ్చినప్పుడు, పాత చెట్టు పేరుకు మామిడిని జోడించి ‘జీడిమామిడి’ అన్నారు. వృక్షశాస్త్రం ప్రకారం ఆ మూడూ ఒకే కుటుంబానివి కావడం ఆ పేరు పెట్టినవారి చూపు ఎంత నిశితమో చెబుతుంది.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది శాస్త్రీయ నామం. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఈ చెట్టును ‘అనకార్డియం ఆక్సిడెంటేల్’ అన్నాడు. గుండె అనే అర్థమున్న గ్రీకు పదం ఇమిడి ఉన్న ‘అనకార్డియం’ అంతకు ముందు ఐరోపా మందుల వ్యాపారులు మన నల్లజీడి గింజకు వాడిన పేరే. ‘ఆక్సిడెంటేల్’ అంటే పడమటిది. అంటే మనవాళ్లు చేసినట్టే, ఆయన కూడా నల్లజీడి పేరునే పడమటి చెట్టుకు ఇచ్చాడు.