ఉమ్మడం నేర్చుకుని విమానం ఎక్కు

యలహంక,
బెంగళూరు.

అమ్మలూ,

మార్చిలో నువ్వూ, నీతో పనిచేసే పిల్లలు ముగ్గురూ మెల్‌బోర్న్ వెళ్తున్నారనీ, అందులో ఒక రోజు అక్కడి ద్రాక్షతోటల లోయ యారా వ్యాలీలో వైన్ రుచి చూడ్డానికే పెట్టుకున్నారనీ మీ అమ్మ చెప్పింది. ఆమె గొంతులో వినిపించిన కంగారు నాకూ ఉంది. కానీ మన దొడ్డబళ్ళాపురం తోటలో బెంగళూరు బ్లూ గుత్తులు తిని, నాలుకంతా ఊదారంగు చేసుకుని తిరిగిన పిల్ల, ద్రాక్ష ఇంకో నేలలో ఎలా ఉంటుందో చూడ్డానికి అంత దూరం వెళ్తోందంటే గర్వంగానూ ఉంది. వద్దనడానికి కాదు, సరిగ్గా వెళ్ళి రావాలని రాస్తున్నాను.

చిన్న సంగతులు ముందే చెప్పేస్తాను. నలుగురే అయినా బుక్ చేసుకునే వెళ్ళండి. అక్కడ వైనరీల్లో రుచి చూపించే చోటుని సెల్లార్ డోర్ అంటారు, చాలావరకు సాయంత్రం అయిదుకల్లా మూసేస్తారు. రోజుకి మూడు చాలు. ఆ రోజు సెంటు పూసుకోకండి. రుచి చూసే ముందు కాఫీ, పుదీనా బిళ్ళ వద్దు, రెండూ నాలుకని మూసేస్తాయి. ఉదయం కడుపునిండా తిని బయల్దేరండి, మధ్యాహ్నం భోజనం రెండో చోటే పెట్టుకోండి.

కారు మాత్రం చిన్న సంగతి కాదు. అద్దెకారు తీసుకుని వంతులవారీగా నడుపుకుంటాం అన్నావట. వద్దమ్మా. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో 1976 నుంచే పోలీసులు దారిన పోయే ఏ కారునైనా ఆపి ఊదిస్తున్నారు. అక్కడ పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్. మన దగ్గర 30 కాబట్టి అక్కడ వెసులుబాటు ఎక్కువని నీ స్నేహితులు లెక్కలు వేస్తారు. ఆ లెక్క వినకు. రైలు లిల్లీడేల్ దాకా ఉంది, కానీ తోటలు ఆ పైన దూరదూరంగా ఉంటాయి. డ్రైవరుతో సహా వ్యాన్ మాట్లాడుకోండి. నలుగురు పంచుకుంటే ఎంతవుతుందని ఆలోచించొద్దు, తక్కువపడితే నేను ఇస్తాను.

ఇక పాత పొరపాటు. మన ఇళ్ళలోంచి వెళ్ళినవాళ్ళు దాదాపు అందరూ చేసేది ఇదే: పోసింది పోసినట్టు మింగెయ్యడం. వాళ్ళు తాగుబోతులు కారు, మర్యాదస్తులు. ఎదుటివాళ్ళు ప్రేమగా పోసింది పారబోస్తే తప్పని మనకి ఉగ్గుపాలతో నేర్పారు. పదిమందిలో నోట్లోది ఉమ్మడమంటే ఎంగిలి, అసహ్యం. అందుకని బల్లమీద ఉమ్మడానికి పెట్టిన గిన్నెని చూసి కూడా చూడనట్టు ఉంటారు. గ్లాసులో అడుగునే ఉంది కదా, రెండు చెంచాలే కదా అనుకుంటారు.

ఆ రెండు చెంచాలు ఎంతో చూడు. మామూలుగా ఒక రుచికి 30 మిల్లీలీటర్లు పోస్తారు. ఒక చోట ఆరు రకాలు చూపిస్తే 180. మీరు మొదట అనుకున్నట్టు నాలుగు చోట్లకి వెళ్తే 720. వైన్ సీసా 750, అంటే ఒక్క గుక్క తక్కువగా ఒక నిండు సీసా ఒక్కదానివే తాగినట్టు! పదమూడున్నర శాతం వైన్ అయితే అందులో దాదాపు 77 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. అక్కడివాళ్ళు 10 గ్రాముల్ని ఒక డ్రింక్‌గా లెక్కిస్తారు. ఒంట్లోంచి ఆ ఒక్క డ్రింక్ పోవడానికి అటూఇటూగా గంట పడుతుంది, ఆడవాళ్ళకీ సన్నగా ఉన్నవాళ్ళకీ ఇంకాస్త ఎక్కువ. కాఫీ తాగినా, చన్నీళ్ళతో మొహం కడుక్కున్నా ఆ గంట తగ్గదు. పైగా మూడో చోటికి వచ్చేసరికి నాలుక మొద్దుబారి, అన్నీ ఒకేలా ఉంటాయి. అంత డబ్బు పోసి వెళ్ళింది రుచి కోసం, ముందుగా పోయేదీ అదే.

కాబట్టి ఉమ్మాలి. పూర్వం తాంబూలం వేసుకునేవాళ్ళ పక్కన తమ్మపడిగ ఉండేది, దాన్ని వాడినవాళ్ళని ఎవరూ తప్పుపట్టలేదు. ఇదీ అలాంటిదే. వైన్ పనిలో ఉన్నవాళ్ళందరూ ఉమ్ముతారు, పోసేవాళ్ళు దాన్ని చూసి నువ్వు తెలిసినదానివని అనుకుంటారు. ఇప్పటినుంచే స్నానాలగదిలో నీళ్ళతో సాధన చెయ్యి. ఒక చెంచాడు నోట్లో పోసుకుని, బుగ్గలకీ చిగుళ్ళకీ తగిలేలా ఐదారు సెకన్లు తిప్పు. పెదాలు ఈల వేసేటప్పటిలా ముడిచి, నాలుకతో వెనకనుంచి నెట్టు. సన్నటి ధారగా, చప్పుడు లేకుండా పడాలి. గిన్నెకి దగ్గరగా వంగు, జుట్టు వెనక్కి కట్టుకో. పేపర్ కప్పు ఒక్కొక్కరికి ఒకటి అడిగితే ఇస్తారు, గిన్నె చూసి రోత పుట్టేవాళ్ళకి అది మేలు. గ్లాసులో మిగిలింది ఆ గిన్నెలోనే వంపెయ్యి. నచ్చినది ఒక్కటి ఉంటే మింగు, ఫరవాలేదు.

వెళ్ళేముందు ఒక ఆదివారం నంది కొండ కింద గ్రోవర్ వాళ్ళ వైనరీకి వెళ్ళి నలుగురూ అక్కడే ఇదంతా అలవాటు చేసుకోండి. సిగ్గు పోవాలంటే మన ఊళ్ళోనే పోవాలి.

నీకు మాత్రం ఇంకో మాట. మెలికల రోడ్డుమీద నీకు వాంతులని అవోమిన్ వేసుకుంటావు. ఆ మాత్ర వేసుకున్న రోజు వైన్ నోట్లో పెట్టుకోకు, రెండూ కలిస్తే మత్తు బాగా పెరుగుతుంది. డ్రైవరు పక్క సీటు ముందే అడిగి తీసుకో, అల్లం మురబ్బా పెట్టుకో. చిన్నప్పుడు తిరుపతి ఘాట్‌రోడ్డులో నిన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టాక గానీ బస్సు కదలనిచ్చేవాళ్ళు కాదు.

రుచిలో బెంగళూరు బ్లూ వాసన కోసం వెతక్కు. అది వేరే జాతి. యారాలో పేరున్న ద్రాక్ష రకాలు పినో న్వార్, షార్డొనే. పినో న్వార్ పలచటి తొక్క పండు, అందుకే రంగు లేతగా ఉంటుంది. నీళ్ళలా ఉందని చిన్నచూపు చూడకు, వాసన చూశాక మాట్లాడు. ముందు గ్లాసు కదపకుండా వాసన చూడు, తర్వాత తిప్పి చూడు, రెండింటికీ తేడా నీకే తెలుస్తుంది. నురగ వైన్, తెల్లది, ఎర్రది, చివర తీపిది, ఈ వరస తప్పొద్దు. తీపి ముందు తాగితే తర్వాతవన్నీ పుల్లగా అనిపిస్తాయి. మీలో మాంసం, గుడ్డు ముట్టని అమ్మాయి ఉందన్నావు. వైన్‌ని తేటపరచడానికి కొందరు గుడ్డు తెల్లసొన, చేప గాలితిత్తి నుంచి తీసిన జిగురు వాడతారు. అలాంటివేవీ వాడని వీగన్ వైన్ ఏదని అడగమను, చెప్తారు.

నాకు అన్నిటికన్నా భయం మీ ఫోటోల సంగతి. ద్రాక్ష సాళ్ళ మధ్యకి వెళ్ళి నిలబడకండి, ఎంత అందంగా ఉన్నా సరే. ఫైలోక్సెరా అని పేనుబంకకి దగ్గరి పురుగు ఉంది, మిల్లీమీటరు కూడా ఉండదు. ద్రాక్ష వేరుని పట్టి పీలుస్తుంది, మందు లేదు. తీగ పీకేసి, తట్టుకునే వేరుమొక్క మీద అంటుకట్టి మళ్ళీ నాటడమే దారి. ఆస్ట్రేలియాలో మొదట 1877లో జీలాంగ్ దగ్గర కనిపించింది, యారా వ్యాలీలో 2006లో బయటపడింది. అది ఊరు దాటేది మనిషి బూట్ల కింద మట్టిలో, టైర్లకి అంటిన బురదలో. సెల్లార్ డోర్ ముందు గట్టినేల మీదనుంచే ఫోటో తీసుకోండి. ఎవరైనా లోపలికి రమ్మంటే, బూట్లు శుభ్రం చేసే మందు ఎక్కడని మీరే అడగండి. వెళ్ళేటప్పుడూ అంతే, మన తోటలో తిరిగిన బూట్లు వేసుకెళ్ళొద్దు. దిగేటప్పుడు నింపే కార్డులో గత 30 రోజుల్లో పొలాలకి వెళ్ళావా అని ఉంటుంది. ఆదివారం మన తోటకి వచ్చివుంటే అవుననే రాయి, దాచకు.

సీసాలు కొంటే ఎండలో కారు డిక్కీలో వదలకండి, వేడికి వైన్ ఉడికిపోతుంది. మనిషికి రెండు లీటర్ల దాకా మన కస్టమ్స్‌లో పన్ను ఉండదు. రెండు సీసాలు లీటరున్నర, మూడోది కొంటే దాటిపోతుంది. ఒక్కొక్కటి ప్లాస్టిక్ సంచిలో బిగించి, బట్టల మధ్య, పెట్టె నడుమ పెట్టు. చేతిసంచిలో పెడితే విమానాశ్రయంలో తీసేస్తారు. బిల్లు దాచుకో.

నాకు సీసా తేవద్దు. ఏది నచ్చిందో, ఏ వాసన వచ్చిందో ఒక కాగితం మీద రాసి తే. తిరిగొచ్చాక తోటకి వచ్చేటప్పుడు ఆ బూట్లు ఇంట్లోనే వదిలెయ్యి, గేటు దగ్గర పెద్దమ్మ నీకు వేరే చెప్పులు పెట్టి ఉంచుతుంది.

మీ పెదనాన్న