పాత ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డు: కొనేముందు విప్పి చూడు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ల్యాప్‌టాప్ పాతదే అయినా కీబోర్డు బాగుంది, తెర బాగుంది, వైఫై ఒక్కటే ఏడిపిస్తోంది, లోపలి కార్డు మార్చుకోవచ్చా అని అడిగావు. నిక్షేపంగా మార్చుకోవచ్చు. ఇంత చిన్న ముక్క కోసం మంచి ల్యాప్‌టాప్‌ని మూలన పడేస్తే నా ప్రాణం ఒప్పదు. కాకపోతే ఏ కార్డు కొనాలన్నది అన్నిటికన్నా ఆఖరున తేల్చుకోవాల్సిన మాట తల్లీ. నీ ల్యాప్‌టాప్ ఎలాంటి కార్డును లోపలికి రానిస్తుందో ముందు చూడాలి. స్లాటు (కార్డు కూర్చునే చోటు), యాంటెన్నా వైర్లు, బయోస్ (ఆన్ చెయ్యగానే మొదట నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం), ఈ మూడూ సరే అన్నాకే డబ్బు బయటికి తియ్యి.

స్లాటు సంగతి ముందు చెబుతాను. ల్యాప్‌టాప్ వయసును బట్టి మూడు రకాలు కనిపిస్తాయి. 2005కి ముందువాటిలో ఎక్కువగా మినీ పీసీఐ ఉంటుంది. ఆ కార్డు దాదాపు 6 సెంటీమీటర్ల వెడల్పుంటుంది, దాన్ని రెండు పక్కలా కొక్కేలు పట్టుకుని ఉంటాయి. ఆ తర్వాత మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ వచ్చింది. దాని వెడల్పు 30 మిల్లీమీటర్లు. పొడవులో రెండు సైజులున్నాయి: పూర్తి సైజు 51 మిల్లీమీటర్లు, సగం సైజు 27. సగం సైజు కార్డును పూర్తి సైజు స్లాటులో పెట్టాలంటే ఒక చిన్న లోహపు పట్టీ జోడిస్తే చాలు, స్క్రూ దాకా పొడవు అందుతుంది. సగం సైజుకే చోటున్న ల్యాప్‌టాప్‌లో పెద్ద కార్డు మాత్రం పట్టదు. 2013 తర్వాత వచ్చినవాటిలో క్రమంగా ఎం.2 చోటు చేసుకుంది. అది 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవు. ఈ మూడింటిలో ఒకదాని కార్డు ఇంకోదానిలో దూరదు. ఎం.2 కార్డును మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో కూర్చోబెట్టే అడాప్టర్లు దొరుకుతాయి కానీ, వాటివల్ల ఎత్తు పెరిగి అడుగు మూత పట్టకుండా పోతుంది. పైగా యాంటెన్నా కనెక్టర్ల సైజు కూడా కలవదు. వాటి జోలికి పోకు.

ఒక్క జాగ్రత్త. మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఆకారంలో ఉన్న ప్రతి స్లాటూ వైఫై కోసం పెట్టింది కాదు. సిమ్ కార్డు మోడెమ్‌కో, ఫైళ్లు దాచే చిన్న ఎస్‌ఎస్‌డీకో కేటాయించిన స్లాటు కూడా అచ్చం అలాగే ఉంటుంది. మదర్‌బోర్డు మీద స్లాటు పక్కన డబ్ల్యూలాన్ (WLAN) అని ఉంటే అది నీకు కావలసింది. డబ్ల్యూవాన్ (WWAN) అని ఉంటే అది మోడెమ్‌ది. ఏమీ రాసి లేకపోతే నీ మోడల్ సర్వీస్ మాన్యువల్ డౌన్‌లోడ్ చేసుకో. పెద్ద కంపెనీలు చాలావాటికి ఉచితంగానే ఇస్తాయి. ఏ స్క్రూ ఎక్కడుందో, ఏ కార్డులు పడతాయో, ఏ రంగు వైరు ఎక్కడికి పోతుందో బొమ్మలతో సహా అందులో ఉంటుంది. ఒక సాయంత్రం కూర్చుని అది చదివితే సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడున్న కార్డు ఏదో విప్పకుండానే తెలుసుకోవచ్చు. విండోస్ డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూడు. తయారీదారు కోడ్ 8086 అయితే ఇంటెల్, 168సీ అయితే ఎథెరోస్, 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్, 10ఈసీ అయితే రియల్‌టెక్.

ఇక వైర్లు. చాలామంది కార్డు గురించి తెగ చదువుతారు, వీటిని మాత్రం పట్టించుకోరు. నిజానికి సిగ్నల్ అందుకునేది యాంటెన్నా. అది కార్డులో ఉండదు, మూతలో తెర పక్కన ఉంటుంది. అక్కడినుంచి రెండు సన్నటి వైర్లు మూత తిరిగే కీలు గుండా కిందికి దిగి కార్డు మీద బిగుస్తాయి. కొన్ని మోడళ్లలో మూడు ఉంటాయి. సాధారణంగా ఒకటి నలుపు, ఇంకోటి తెలుపో బూడిద రంగో. ఏది మెయిన్ (ప్రధాన వైరు), ఏది ఆక్జిలరీ (దానికి తోడు వైరు) అన్నది కంపెనీని బట్టి మారుతుంది, కాబట్టి రంగును నమ్ముకోకు. ఇప్పుడు ఏ వైరు కార్డు మీది 1 అన్న గుర్తు దగ్గరుందో, ఏది 2 దగ్గరుందో తీసేముందే దగ్గరగా ఫోటో తీసిపెట్టుకో.

అసలు వైఫై లేకుండా అమ్మిన ల్యాప్‌టాప్‌లూ ఉన్నాయి. వాటిలో కొన్నిటికి స్లాటూ వైర్లూ రెండూ ఉంటాయి, కార్డు ఒక్కటే ఉండదు. వైర్ల కొసలు టేపు చుట్టి స్లాటు పక్కనే దాగి ఉంటాయి. కొన్నిటికి స్లాటు ఉండి వైర్లు ఉండవు. అప్పుడు యాంటెన్నాలు విడిగా కొని మూత లోపలికి పంపాలి, అంటే తెర చుట్టూ ఉన్న చట్రం విప్పాలి. అది ఓపికున్నవాళ్ల పని. యాంటెన్నాని లోహపు రేకు వెనక దాచేస్తే కార్డు ఎంత మంచిదైనా సిగ్నల్ అందదు. నీ ల్యాప్‌టాప్‌లో ఎలాగూ పాత కార్డు ఉంది కాబట్టి నీకు ఈ బెడద లేదు.

మూడోది బయోస్. ఇది బయటికి కనపడదు కాబట్టే ఎక్కువమందిని దెబ్బ తీస్తుంది. కొన్ని కంపెనీలు తాము ఆమోదించిన కార్డుల జాబితాను బయోస్‌లో పెట్టేవి. జాబితాలో లేని కార్డు పెడితే ల్యాప్‌టాప్ ఆన్ అవుతూనే లోపం ఉందన్న సందేశం చూపించి ఆగిపోతుంది. పాత థింక్‌ప్యాడ్‌లలో అది 1802 అన్న నంబరుతో వస్తుంది, హెచ్‌పీ వాటిలో 104తో. కార్డు పాడైపోలేదు, ల్యాప్‌టాప్ దాన్ని ఒప్పుకోవడం లేదు, అంతే. విచిత్రం ఏమిటంటే, అదే ఇంటెల్ కార్డు రెండు చోట్ల కొంటే ఒకటి పనిచేసి ఇంకోటి పనిచెయ్యకపోవచ్చు. ల్యాప్‌టాప్ కంపెనీ తన కోసం తయారు చేయించుకున్న కార్డులో తన గుర్తింపు సంఖ్య ఉంటుంది, బయోస్ దాన్ని కూడా చూస్తుంది. అందుకని అలాంటి మోడల్ అయితే సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన పార్ట్ నంబరునే వెతికి కొను. బయోస్‌ని మార్చి ఆ జాబితాని తీసేసే పద్ధతులు నీకు కనిపిస్తాయి. నేను వద్దంటాను. మధ్యలో ఏదైనా తేడా వస్తే కార్డు మాట అటుంచి, బోర్డే లేవదు.

ఈ మూడూ తేలాక కార్డు ఎంపిక తేలికే. అన్నిటికన్నా కొత్తది వెతకక్కర్లేదు. పాత కార్డు 802.11జీ (వైఫైలో ఒక పాత తరం) రకమైతే దాని గరిష్ఠ వేగం సెకనుకు 54 మెగాబిట్లు, అదీ కాగితం మీద. 2009లో ఎన్ రకం వచ్చింది. అయినా అసలు ఇబ్బంది వేగం కన్నా 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల్లో ఉండే రద్దీ. అందులో ఒకదానిమీద ఒకటి పడకుండా పనిచేసే ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. చుట్టుపక్కల పది రౌటర్లుంటే అన్నీ వాటిమీదే కొట్టుకుంటాయి. కాబట్టి 5 గిగాహెర్ట్జ్ అందుకునే కార్డు తీసుకో. నువ్వు మార్పు గమనించేది అక్కడే. గోడలు దాటడంలో 5 గిగాహెర్ట్జ్ కాస్త బలహీనం, అది గుర్తుంచుకో.

సగం సైజు మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ అయితే ఇంటెల్ 7260 మంచి ఎంపిక. ఎన్ తర్వాత వచ్చిన ఏసీ రకం, రెండు యాంటెన్నాలు, లింకు వేగం సెకనుకు 867 మెగాబిట్ల దాకా. కొనేటప్పుడు లేబుల్ రెండుసార్లు చదువు. 7260 పేరుతోనే 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే ఉన్న ఎన్ కార్డు కూడా ఉంది. నంబరు చివర హెచ్ఎండబ్ల్యూ (HMW) అని ఉంటే సగం సైజు మినీ, ఎన్‌జీడబ్ల్యూ (NGW) అని ఉంటే ఎం.2. విండోస్ బదులు లినక్స్ వాడేటట్టయితే ఎథెరోస్ ఏఆర్9280 లాంటివి కూడా బాగుంటాయి. ఎన్ రకమే అయినా విడిగా ఫర్మ్‌వేర్ ఫైలు (కార్డు లోపల నడిచే ప్రోగ్రాం) అడగకుండా కెర్నెల్‌లోని (లినక్స్ మూలభాగంలోని) డ్రైవర్‌తోనే, అంటే కార్డును నడిపించే ప్రోగ్రాంతోనే నడుస్తాయి.

ఎం.2 అయితే ఒక ఉచ్చు ఉంది. ఇంటెల్ 9560, ఏఎక్స్201, ఏఎక్స్211 చూడటానికి మామూలు కార్డుల్లాగే ఉండి, స్లాటులో చక్కగా కూర్చుంటాయి కూడా. కానీ వాటి పనిలో సగం కొత్త ఇంటెల్ ప్రాసెసర్ వైపే జరుగుతుంది. పాత ల్యాప్‌టాప్‌లో అవి పలకవు. 9260, ఏఎక్స్200, ఏఎక్స్210 విడిగా పనిచేసేవి. ఏఎక్స్200కి ఇంటెల్ డ్రైవర్ 64 బిట్ విండోస్ 10 నుంచే ఉంది, లినక్స్ అయితే 5.1 కెర్నెల్ గానీ ఆపైది గానీ కావాలి.

పాత కార్డు తీసెయ్యకముందే కొత్తదాని డ్రైవర్ దించుకుని పెట్టుకో. ల్యాప్‌టాప్‌ని నిద్రలో పెట్టడం కాదు, పూర్తిగా ఆపు. ఛార్జర్ తీసెయ్యి, బ్యాటరీ తీసెయ్యి. బ్యాటరీ లోపల ఉండే మోడల్ అయితే అడుగు మూత తీయగానే ముందు దాని కనెక్టర్ విప్పు. తర్వాత పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకో, మిగిలిన కరెంటు పోతుంది. ఉన్ని బట్టలు వేసుకుని, తివాచీ మీద కూర్చుని ఈ పని చెయ్యకు, ఒంటిమీద స్థిర విద్యుత్తు పుడుతుంది. కార్డు ముట్టుకునే ముందు ఎర్తింగ్ ఉన్న లోహపు వస్తువును ఒకసారి తాకు.

వైర్లు తీసేటప్పుడే అసలు ఓపిక కావాలి. వైరు పట్టుకుని లాగకు. కనెక్టర్ తలకాయ కిందికి ప్లాస్టిక్ పుల్లో గోరో దూర్చి నిటారుగా పైకి ఎత్తు. ఈ కనెక్టర్లను తయారీదారు దాదాపు 30 సార్లు తీసి పెట్టడానికే లెక్క వేశాడు, కాబట్టి ఆడుకోవడానికి కాదు. స్క్రూ తీస్తే కార్డు దానంతటదే ఏటవాలుగా లేస్తుంది, అలాగే బయటికి లాగు. కొత్తదాన్ని కూడా అదే ఏటవాలులో లోపలికి నెట్టి, కిందికి నొక్కి స్క్రూ బిగించు. తర్వాత వైర్లు. తలకాయని గుండ్రటి గుంట మీద సరిగ్గా ఆనించి, వేలికొసతో అటూ ఇటూ మెల్లగా కదిపితే కుదురుకున్నట్టు తెలుస్తుంది. అప్పుడు జాకెట్టు టిచ్ బటన్ నొక్కినట్టు నిటారుగా నొక్కు. వంకరగా నొక్కితే మధ్యలోని సన్నటి మొన వంగిపోతుంది, ఇక కార్డు పోయినట్టే. తర్వాత రౌటర్ పక్కనుంటే తప్ప సిగ్నల్ రావడం లేదంటే, మొదట అనుమానించాల్సింది ఈ బిగింపునే.

ఆన్ చేశాక కార్డు కనిపిస్తున్నా వైఫై ఆఫ్‌లోనే ఉండిపోతే ముందు పక్కనున్న స్విచ్చు, కీబోర్డు మీది వైర్‌లెస్ కీ చూడు. లినక్స్‌లో ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ (rfkill list) కమాండ్ ఇస్తే అడ్డు స్విచ్చు వైపునుంచా, సాఫ్ట్‌వేర్ వైపునుంచా చెబుతుంది. స్విచ్చు ఆన్‌లోనే ఉన్నా అడ్డు పోకపోతే, మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో 20వ పిన్ (కార్డు అంచు మీది లోహపు గీతల్లో ఒకటి) కారణం కావచ్చు. కార్డును ఆపమని బోర్డు చెప్పేది దానిగుండానే. ఆ ఒక్క పిన్ మీద వేడి తట్టుకునే సన్నటి టేపు అంటిస్తారు. పక్క పిన్‌ని మూసేస్తే వేరే తంటా వస్తుంది కాబట్టి అది చేసేముందు నాకు ఫోను చెయ్యి.

వైఫై వచ్చి బ్లూటూత్ రాకపోతే కంగారుపడకు. ఈ కార్డుల్లో వైఫై పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద నడిస్తే బ్లూటూత్ యూఎస్‌బీ మీద నడుస్తుంది. కొన్ని పాత స్లాటులకి ఆ యూఎస్‌బీ గీతలు కలపలేదు. దానికి యూఎస్‌బీ పోర్టులో బయటినుంచి పెట్టే చిన్న డాంగిల్ తప్ప మార్గం లేదు.

అడుగున కార్డుకి విడిగా చిన్న తలుపుంటే, దాన్ని వెంటనే బిగించకు. ఏదైనా పెద్ద ఫైలు దించుతూ అరగంట వదిలెయ్యి. మధ్యలో తెగకుండా నడిస్తే వైర్లు ఏ స్క్రూ కిందా నలగకుండా సర్ది, అప్పుడు మూత పెట్టు. పాత కార్డు పారెయ్యకు, దాని స్క్రూతో సహా కొత్తది వచ్చిన కవరులోనే దాచిపెట్టు. కొత్తదాంతో ఎప్పుడైనా పేచీ వస్తే లోపం కార్డుదో స్లాటుదో దాన్ని పెట్టి చూసి తేల్చుకోవచ్చు.

ఇట్లు,
నీ మామయ్య