120 మీటర్ల లోపే ఎగరేస్తే విమానాలతో ప్రమాదం ఉండదా?

120 మీటర్లు దాటకుండా డ్రోన్ ఎగరేస్తున్నాను, విమానాలన్నీ అంతకంటే పైనే కదా, ఇంకా ఢీకొనే ప్రమాదం ఎక్కడిది అని అడిగారు. విమానాశ్రయాలకు దూరంగా ఉంటే ప్రయాణికుల విమానాల వరకు మీ మాట చాలావరకు నిజమే. హెలికాప్టర్ల దగ్గర ఆ లెక్క పనికిరాదు. అంబులెన్స్, పోలీసు హెలికాప్టర్లు, పంటలకు మందు కొట్టే విమానాలు పని పడితే ఎంత కిందికైనా వస్తాయి.

నేను సర్వే పనికి డ్రోన్ వాడతాను. ఒకసారి నది ఒడ్డున వంద మీటర్ల ఎత్తులో ఫొటోలు తీస్తుంటే హెలికాప్టర్ చప్పుడు వినిపించింది. పక్కనే కొండ, అందుకని ఎటు నుంచి వస్తోందో తెలియలేదు. కెమెరా నేలను చూస్తోంది కాబట్టి స్క్రీన్ మీద ఏం కనబడదు. ఆగకుండా రిమోట్ స్టిక్ కిందికి లాగేశాను. డ్రోన్ చెట్ల ఎత్తుకు వచ్చిందో లేదో, హెలికాప్టర్ కొండ మలుపు తిరిగి నది వెంటే వెళ్లింది, ఇంచుమించు డ్రోన్ అంతకుముందున్న ఎత్తులోనే. నాకు చేతులు వణికాయి.

సెకనుకు నాలుగు మీటర్ల చొప్పున దిగే డ్రోన్‌కు వంద మీటర్లు దిగడానికి 25 సెకన్లు పడుతుంది. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వచ్చే హెలికాప్టర్ అంతలో దాదాపు 1.4 కిలోమీటర్లు వచ్చేస్తుంది. అందుకే అది కంటపడేదాకా ఆగకండి, చప్పుడు వినగానే దించేయండి. పైలట్ చూసి తప్పుకుంటాడని అస్సలు అనుకోవద్దు, అంత చిన్న వస్తువు అంత వేగంలో కనబడదు. టెన్షన్‌లో చాలామంది ‘రిటర్న్ టు హోమ్’ నొక్కేస్తారు. అది దూరంగా ఉన్న డ్రోన్‌ను ముందుగా సెట్ చేసిన ఎత్తుకు లేపి, ఆ తర్వాతే వెనక్కి తెస్తుంది. మనకు కావలసిందేమో కిందికి రావడం!

తగిలితే ఏమవుతుందంటారా? 2017 సెప్టెంబరులో న్యూయార్క్ దగ్గర ఒక డ్రోన్, అమెరికా సైన్యానికి చెందిన బ్లాక్‌హాక్ హెలికాప్టర్‌ను ఢీకొని పైన తిరిగే రోటర్ బ్లేడుకు సొట్ట పెట్టింది. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ కార్చిచ్చు ఆర్పుతున్న విమానం రెక్కకు ఒక చిన్న డ్రోన్ రంధ్రం చేసింది. మంటలు రేగుతుంటే ఆ విమానం రోజుల తరబడి నేల మీదే ఉండిపోయింది. రెండు సంఘటనల్లోనూ డ్రోన్ ఎగరేసినవారి కంటికి కనబడనంత దూరంలో ఉంది. అంతే బరువున్న పక్షికంటే డ్రోన్ చేసే నష్టం ఎక్కువ, ఎందుకంటే మోటార్లు, బ్యాటరీ గట్టివి.

కొన్ని డ్రోన్లలో ఏడీఎస్-బీ రిసీవర్ (విమానాలు తామెక్కడున్నాయో చెబుతూ పంపే సిగ్నల్‌ను అందుకునేది) ఉంటుంది, విమానం దగ్గరికి వస్తే హెచ్చరిస్తుంది. కానీ ఆ విమానం సిగ్నల్ పంపుతుంటేనే. నేనైతే పక్కన ఒక మనిషిని పెట్టుకుంటాను. స్క్రీన్ వైపు చూడకుండా ఆకాశం చూడటం, చప్పుడు వింటే ‘దించు’ అనడం, అంతే అతని పని.