టోర్నమెంట్ పోకర్ వదిలి క్యాష్ గేమ్స్‌కి మారాలనుకుంటున్నాను, ఇది కెరీర్ అవుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు. వయసు 22. బెంగళూరులో బీటెక్ చదువుతూ ఆన్‌లైన్ పోకర్ టోర్నమెంట్లు ఆడి, ఖర్చులు పోను 92 వేలు మిగుల్చుకున్నాను. 2025 ఆగస్టులో ఆ సైట్లన్నీ ఆగిపోయాయి. ఇప్పుడు గోవాలో ఉండి క్యాష్ గేమ్స్ ఫుల్‌టైమ్ ఆడదామనుకుంటున్నాను. టోర్నమెంట్లో డబ్బు ఎప్పుడో ఒకసారి వస్తుంది కానీ క్యాష్ గేమ్‌లో జీతంలా నెలనెలా వస్తుందంటున్నారు ఫ్రెండ్స్. నాన్న మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. రెండేళ్లు టైమ్ అడిగితే ఒప్పుకోవడం లేదు. నా లెక్కల నోట్‌బుక్ పేజీలు ఫొటో తీసి పంపుతున్నాను.

జవాబు: బాబూ, ముందు నీ నోట్‌బుక్ గురించి మాట్లాడతాను. ప్రతి ఆటకీ తేదీ, ఎంట్రీ ఫీజు, ఎన్నో స్థానంలో అవుటయ్యావో రాసుకున్నావు. ఈ వయసులో ఇంత ఓపికగా లెక్క రాసేవాళ్లు నాకు అరుదుగా కనిపిస్తారు. మొత్తం 64 టోర్నమెంట్లు. 57 ఎర్ర పెన్నుతో, 7 నీలం పెన్నుతో ఉన్నాయి. ఆ ఏడింటిలో ఒక్కదానిలోనే లక్షా నలభై వేలు వచ్చాయి. ఆ ఒక్క రాత్రి పక్కన పెట్టి కూడి చూడు, 48 వేలు నష్టం తేలుతుంది. నీకు ఆట రాదని నేననను. 64 ఆటలతో వచ్చో రాదో ఎవరూ చెప్పలేరు.

ఇక క్యాష్ గేమ్, అంటే నేరుగా డబ్బు పెట్టి ఆడి ఎప్పుడైనా లేచిపోగలిగే ఆట. పేక ముక్కలు అవే గానీ పని వేరు. టోర్నమెంట్లో బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే పెట్టాల్సిన పందేలు, పెరుగుతూ పోతాయి, చిప్స్ (పందెం బిళ్లలు) కరుగుతూ ఉంటాయి. చేతిలో 12 బ్లైండ్లకు సరిపడా చిప్స్ మిగిలినప్పుడు ఆసు, జాకీ పడితే ఆల్-ఇన్ అని ఉన్నదంతా పెట్టేస్తావు, అది సరైన ఆటే. క్యాష్ గేమ్‌లో బ్లైండ్లు పెరగవు, నీ ముందు వంద బ్లైండ్లు ఉంటాయి. అదే ఆసు, జాకీతో కూర్చున్నావు, ఫ్లాప్‌లో, అంటే బల్ల మీద మొదట తెరిచే మూడు ముక్కల్లో, ఆసు వచ్చింది. అవతలివాడు ఫ్లాప్ మీద, టర్న్ (నాలుగో ముక్క) మీద, రివర్ (అయిదో ముక్క) మీద వరసగా పందెం పెంచుతున్నాడు. టోర్నమెంట్ అలవాటుతో చివరిదాకా కాల్ చేశావంటే, అంటే అతను పెట్టినంతా నువ్వూ పెట్టావంటే, ఒక్క జత కోసం వంద బ్లైండ్లూ పోతాయి. అక్కడ చిప్ అంటే రూపాయే, పోయింది పోయినట్టే. నువ్వు బాగా ఆడేది తక్కువ చిప్స్‌తో, నిర్ణయం త్వరగా తేలిపోయే ఆట. క్యాష్ గేమ్‌లో డబ్బంతా టర్న్, రివర్ దగ్గర చేతులు మారుతుంది. ఆ భాగం దాదాపు కొత్తగా నేర్చుకోవాలి.

'జీతంలా' అన్న మాట దగ్గర నాకు భయం వేసింది. బల్ల దగ్గర కూర్చుని ఆడితే గంటకు సుమారు 30 హ్యాండ్స్ (ముక్కలు పంచిన ప్రతిసారీ ఒక హ్యాండ్) పడతాయి. రోజుకు 8 గంటలు ఆడినా 240. నువ్వు మంచి ఆటగాడివే, వంద హ్యాండ్స్‌కి సగటున 5 బిగ్ బ్లైండ్లు (రెండు బ్లైండ్లలో పెద్దది) గెలుస్తావనుకుందాం. పది వేల హ్యాండ్స్ ఆడటానికి నలభై రోజులు పైనే పడుతుంది. ఈ ఆటలో మామూలుగా ఉండే ఎగుడుదిగుళ్లతో లెక్క వేస్తే, ఆ నలభై రోజుల తర్వాత కూడా నష్టంలో ఉండే అవకాశం పదిలో మూడు వంతుల దాకా ఉంది. అప్పుడు గోవాలో గది అద్దె ఎవరు కడతారు? ఆ టెన్షన్‌తో బల్ల దగ్గర కూర్చుంటే మంచి నిర్ణయాలు రావు.

పైగా రేక్ ఉంటుంది, అంటే పందెం డబ్బులోంచి బల్ల నడిపేవాడు తీసుకునే వాటా. ఇది మీ నాన్నగారికి ఒక్క మాటలో అర్థమవుతుంది. రైతుకు ధర వచ్చినా రాకపోయినా మిర్చి టిక్కీ (బస్తా) అమ్ముడైతే కమీషన్ ఆగదు కదా. బల్ల నడిపేవాడిదీ అంతే. అందుకే అందరి లెక్కా కూడితే ఆడేవాళ్ల వైపు తరుగే. గెలిచినదాని మీద ఆదాయపు పన్ను 30 శాతం, సెస్ అదనం. పేకాటలో ఓడిన రోజుల నష్టాన్ని, నీ ఖర్చుల్ని అందులోంచి తీసేయనివ్వరు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు 2020 నుంచే నిషేధం. 2025లో కేంద్రం తెచ్చిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా దేశమంతటా ఆపేసింది. ఇంకా ఎక్కడో నడుస్తున్న విదేశీ సైట్లో డబ్బు వేస్తే, వాళ్లు తిరిగి ఇవ్వకపోతే ఎవరితో చెప్పుకుంటావు? ఆ దారి వద్దు. ఇక్కడ ఎవరి గదిలోనో జరిగే ఆటలకీ వెళ్లకు. పేకాట శిబిరం కేసులో పేరు పడితే ఉద్యోగానికి, పాస్‌పోర్టుకి నువ్వే సమాధానం చెప్పుకోవాలి.

కాబట్టి గోవా వద్దనే నా సలహా. రెండేళ్లు ఇవ్వనందుకు నాన్నగారి మీద కోపం పెట్టుకోకు. సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర కోసం ఎదురుచూడటం ఎంత బరువో చూసినవాళ్లు వాళ్లు. కానీ నీ నోట్‌బుక్‌లో ఉన్న బుద్ధిని వదులుకోవద్దు. రిస్కుకు వెల కట్టే పనికి మంచి జీతం ఇచ్చే రంగాలున్నాయి. నీకు మొదట యాక్చువరీ చూడమంటాను. బీమా కంపెనీల్లో ప్రీమియం ఎంత ఉండాలో తేల్చేది వాళ్లే. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా పరీక్షలు ఒక్కొక్కటిగా, ఉద్యోగం చేసుకుంటూనే రాయొచ్చు. కష్టమైనవి, ఏళ్లు పడుతుంది, అది దాచను.

ఈ వారం ఒక పని చెయ్యి. ఆ పరీక్షల్లోని స్టాటిస్టిక్స్ పేపర్ సిలబస్ తెచ్చుకుని, నీ 64 ఆటల లెక్కకు సగటు, వేరియెన్స్ (సగటు చుట్టూ ఎంత ఎగుడుదిగుడుందో చెప్పే కొలత) చేత్తో కట్టు. ఆ కాగితం తీసుకుని నాన్నగారితో కలిసి రా. యార్డు పని ముగిసాక సాయంత్రం అయినా ఫర్వాలేదు, ఉంటాను.