డౌన్‌లోడ్ అవుతుంది, రీస్టార్ట్‌లో వెనక్కొస్తుంది

ప్రశ్న: నా పాత ల్యాప్‌టాప్ విండోస్ 7తో కొన్నది. తర్వాత విండోస్ 10కి అప్‌గ్రేడ్ చేశాను. అప్‌డేట్ ప్రతిసారీ పూర్తిగా డౌన్‌లోడ్ అవుతుంది, కానీ రీస్టార్ట్ చేశాక కొంతసేపు నడిచి, చేసిన మార్పులన్నీ రద్దు చేసుకుని పాత స్థితికే వస్తుంది. హిస్టరీలో 0ఎక్స్800ఎఫ్0922 అని ఉంటోంది. డౌన్‌లోడైన అప్‌డేట్ ఫైళ్లు ఉండే సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్‌ను చాలాసార్లు ఖాళీ చేశాను. ఇంకేం చేయాలి?

జవాబు: ఆ ఫోల్డర్‌ను ఇక వదిలేయండి. డౌన్‌లోడ్ మధ్యలో ఆగిపోయేవారికి పనికొచ్చే చిట్కా అది. అప్‌డేట్ ఏ దశలో ఆగుతోందన్నదే అసలు ఆధారం. మీకు డౌన్‌లోడ్ సజావుగా జరిగి, రీస్టార్ట్ తర్వాత దెబ్బతింటోంది.

ఈ కోడ్‌కు సాధారణంగా రెండు కారణాలు. ఒకటి వీపీఎన్, అంటే ఇంటర్నెట్‌ను వేరే సర్వర్ గుండా మళ్లించే సాఫ్ట్‌వేర్. వాడుతుంటే ఆపేసి ఒకసారి ప్రయత్నించండి. రెండోది సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్‌లో, అంటే బూట్ ఫైళ్ల కోసం డిస్క్‌లో విడిగా ఉంచిన చిన్న భాగంలో, చోటు చాలకపోవడం. మీ విషయంలో నా అనుమానం దీనిమీదే. విండోస్ 7 దీన్ని 100 ఎంబీకే చేసేది, మొదట్లో వచ్చిన విండోస్ 10ను కొత్తగా వేస్తే 500 ఎంబీ ఇచ్చేది. అప్‌గ్రేడ్ చేసినవారికి ఆ పాత 100 ఎంబీయే మిగులుతుంది. సీ డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉన్నా దానికి అక్కరకు రాదు.

దాన్ని ముట్టుకునే ముందు డిస్క్ సంగతి తేల్చుకోండి. విండోస్‌లో జరిగినవాటి చిట్టా చూపే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లోని సిస్టమ్‌లో డిస్క్ పేరుతో ఈవెంట్ 7 ఉందేమో చూడండి. అది బ్యాడ్ బ్లాక్‌కు, అంటే డిస్క్‌లో పాడైన చోటుకు గుర్తు. కనిపిస్తే మరమ్మతులన్నీ ఆపి, ముందు ఫైళ్లు కాపీ చేసుకుని డిస్క్ మార్చండి. పాడవుతున్న డిస్క్ మీద ఏ మరమ్మతూ నిలవదు.

డిస్క్ బాగుంటే ముఖ్యమైన ఫైళ్లు బ్యాకప్ తీసి, డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ ఉంటే సస్పెండ్ చేయండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ పార్టిషన్‌కు వై అనే డ్రైవ్ లెటర్ ఇవ్వండి. అందులోని బూట్ ఫోల్డర్ లోపల రకరకాల భాషల ఫోల్డర్లు, ఫాంట్స్ ఫోల్డర్ ఉంటాయి. మీరు వాడని భాషల ఫోల్డర్లను, ఫాంట్స్‌లోని ఫైళ్లను వేరే చోటికి కాపీ చేసి, ఈ పార్టిషన్‌లోంచి తీసేయండి. అనుమతి లేదంటే అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో ఫైళ్ల యాజమాన్యం, అనుమతులు మార్చే టేక్‌ఓన్, ఐక్యాకల్స్ కమాండ్లు వాడాలి. బూట్‌ఎంజీఆర్, బీసీడీ ఫైళ్ల జోలికి మాత్రం వెళ్లొద్దు, అవి పోతే మెషీన్ బూట్ కాదు. పని అయ్యాక డ్రైవ్ లెటర్ తీసేసి అప్‌డేట్ నడపండి. పార్టిషన్ సైజు పెంచే టూల్స్ ఉన్నాయి కానీ, పాత డిస్క్‌పై వాటిని చివరి మార్గంగానే చూడాలి.

అప్పటికీ కాకపోతే సిస్టమ్ ఫైళ్లు చెడి ఉండవచ్చు. వాటిని బాగుచేసే కమాండ్లలో ముందు డిస్మ్ రిస్టోర్‌హెల్త్, ఆ తర్వాతే ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ నడపాలి. ఎస్‌ఎఫ్‌సీ మంచి ఫైళ్లను తెచ్చుకునే కాంపొనెంట్ స్టోర్‌ను డిస్మ్ బాగుచేస్తుంది, అందుకే ఈ వరుస. డిస్మ్ ఒకే శాతం దగ్గర చాలాసేపు నిలిచినా మధ్యలో మూసేయకండి. ఇదీ ఫలించకపోతే విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2 ఐఎస్‌ఓ (ఇన్‌స్టలేషన్ డిస్క్ ఫైలు)లోని సెటప్‌ను విండోస్ లోపలి నుంచే నడిపి, ఫైళ్లు, యాప్‌లు ఉంచే ఆప్షన్ ఎంచుకోండి.

మరో సంగతి: విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ తర్వాతి నెలవారీ భద్రతా అప్‌డేట్లు ఈఎస్‌యూ అనే పొడిగింపు భద్రతా పథకంలో చేరిన మెషీన్లకే వస్తాయి, వ్యక్తిగత వాడకందారులు చేరాలంటే 22హెచ్2 వెర్షన్ ఉండాలి.

ప్రశ్న: ల్యాప్‌టాప్ ఆన్ చేసినప్పుడల్లా తేదీ కొన్నేళ్లు వెనక్కి పోతోంది. అప్‌డేట్లు వెతకమంటే 0ఎక్స్80072ఎఫ్8ఎఫ్ అంటోంది.

జవాబు: రెండూ ఒకే సమస్య. సర్వర్ సెక్యూరిటీ సర్టిఫికెట్‌కు గడువు తేదీలుంటాయి. మీ మెషీన్ తేదీ ఆ గడువులో లేకపోతే సురక్షిత కనెక్షన్ కుదరదు. తేదీ, టైమ్‌జోన్ సరిచేస్తే అప్పటికి పని జరుగుతుంది. శాశ్వతంగా పోవాలంటే ల్యాప్‌టాప్ ఆపేసినా గడియారాన్ని నడిపే, మదర్‌బోర్డ్‌పై ఉండే సీమాస్ బ్యాటరీ మార్చాలి. చాలా వాటిలో అది 3 వోల్టుల సీఆర్2032. ల్యాప్‌టాప్‌లలో తరచూ వైరు, కనెక్టర్‌తో వస్తుంది కాబట్టి పాతది విప్పి చూశాకే కొత్తది కొనండి.