టెక్ సందేహాలు: టాస్క్ పోయింది, మోటారు ఆగిందా?

ప్రశ్న: ఫోన్ నుంచి బోరు మోటారు నడిపే కంట్రోలర్‌ను ఫ్రీఆర్‌టాస్ (చిన్న బోర్డుల మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్) మీద చేస్తున్నాను. మెసేజ్ వచ్చినప్పుడల్లా ఒక టాస్క్ (ప్రోగ్రాంలో విడిగా నడిచే పని) క్రియేట్ చేసి, తర్వాత మెయిన్ టాస్క్ నుంచి డిలీట్ చేస్తున్నా. కొన్ని గంటలకు బోర్డు హ్యాంగ్ అవుతోంది. ఒక్కోసారి మోటారు ఆగడం లేదు.
- ఇంజినీరింగ్ విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: మిర్యాలగూడ నుంచి, దేవరకొండ నుంచి కూడా ఇదే గోడు. టాస్క్‌ను బయటి నుంచి డిలీట్ చేయకండి. ఆ క్షణంలో అది ఏ పని మధ్యలో ఉందో మీకు తెలియదు. మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్క టాస్కే పట్టుకోగల తాళం) పట్టుకుని పోతే ఆ మ్యూటెక్స్ ఇంకెవరికీ దొరకదు. రిలే (మోటారును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) ఆన్ చేశాక పోతే మోటారు తిరుగుతూనే ఉంటుంది. అది సొంతంగా తీసుకున్న మెమరీని కూడా కెర్నల్ (టాస్క్‌లను నడిపే ఫ్రీఆర్‌టాస్ మూల భాగం) వెనక్కి తీసుకోదు. ఆగమని ఆ టాస్క్‌కు నోటిఫికేషన్ (నేరుగా చేరే సంకేతం) పంపండి. రిలే ఆపి, పట్టుకున్నవన్నీ వదిలి, తనను తానే డిలీట్ చేసుకోనివ్వండి. అలా పోయిన టాస్క్ స్టాక్‌ను (దానికి కేటాయించిన మెమరీని) ఐడిల్ టాస్క్, అంటే వేరే పనేదీ లేనప్పుడు నడిచే టాస్క్, విడిపించాలి. దానికంటే ఎక్కువ ప్రయారిటీ ఉన్న వేరే టాస్క్ ఏదైనా డిలే లేకుండా లూప్‌లో తిరుగుతుంటే ఐడిల్‌కు వంతు రాదు. అప్పుడు హీప్ (టాస్క్‌లకు పంచే ఖాళీ మెమరీ) కరిగిపోతుంది.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది మెసేజ్‌కో టాస్క్ అన్న పద్ధతి. మీ సిమ్ నంబర్ తెలిసినవాడు వరసగా యాభై మెసేజ్‌లు కొడితే చాలు, హీప్ అయిపోయి కొత్త టాస్క్ పుట్టదు. క్రియేట్ ఫంక్షన్ ఫెయిలైందని చెప్తుంది కానీ, ఆ రిటర్న్ విలువను మీలో ఎంతమంది చూస్తున్నారు? అప్పుడు మీరు పంపిన ‘ఆఫ్’ కూడా గాల్లో కలిసిపోతుంది. నీళ్లు అడుగంటిన బోరులో మోటారు కాలిపోతుంది. బోర్డు ఆన్ అయినప్పుడే స్టాటిక్‌గా (మెమరీ ముందే కేటాయించి) ఒక్క టాస్క్ పెట్టండి, దానికి మెసేజ్‌లు వరసలో ఆగే చిన్న క్యూ ఇవ్వండి. క్యూలో వేసే ముందే పంపినవారి నంబరు, మెసేజ్‌లోని రహస్య పిన్ రెండూ చూడండి. పంపినవారి నంబరును నకిలీ చేయొచ్చు, అదొక్కటే నమ్మొద్దు. ‘ఆఫ్’ను మాత్రం క్యూలో నిలబెట్టకుండా నేరుగా నోటిఫికేషన్‌గా పంపండి.

బజారులో దొరికే మొబైల్ స్టార్టర్లలోనూ ఈ నిర్లక్ష్యం ఉంది. నల్లగొండ దగ్గర మా బంధువుల పొలంలో ఒకటి చూశాను. ఏ నంబరు నుంచి మిస్డ్ కాల్ వచ్చినా మోటారు ఆన్ అవుతోంది! మోటారు పైకి లాగి వైరు అతికే మనిషి చేతులు ఎక్కడుంటాయో ఆ డబ్బా తయారు చేసినవారు ఒక్కసారైనా ఆలోచించారా? ఫీజులు పీకి జేబులో వేసుకున్నాకే బోరు దగ్గరికి పొమ్మని వాళ్లకు చెప్పి వచ్చాను.