ఫాదర్ గారి వియ్యంకుడు

సందేహం: ఆంథొనీ ట్రాలోప్ 1855లో రాసిన ‘ది వార్డెన్’ నవలను తెలుగు చేస్తున్నాను. ఇంగ్లండులోని ఆంగ్లికన్ చర్చి మనుషుల కథ. గురువులందరినీ ‘ఫాదర్’ అన్నాను. నవ్వు రావలసిన చోట రావడం లేదనీ, రాకూడని చోట వస్తోందనీ మిత్రుడు అంటున్నాడు. ‘విచారణ గురువు’ అని మార్చనా? అందులోని ‘హైరమ్స్ హాస్పిటల్’ను ఆసుపత్రి అనవచ్చునా?

సమాధానం: మీ మిత్రుడికి చెవి ఉంది. కథానాయకుడు హార్డింగ్ గురువు. ఆయన పెద్దల్లుడు ఆర్చ్‌డీకన్, అంటే బిషప్పు కింది పెద్ద అధికారి. ఆ అల్లుడు సాక్షాత్తు బిషప్పుగారి కొడుకు. ‘ఫాదర్ గారి అమ్మాయిని బిషప్పుగారి అబ్బాయికి ఇచ్చారు’ అని రాసి చూడండి, పాఠకుడు పుస్తకం మూసి చుట్టూ చూస్తాడు! మనకు ఫాదర్ అంటే పెళ్లి లేని కతోలిక గురువు. ఆంగ్లికన్లకు ఆ నియమం లేదు. ట్రాలోప్ హాస్యమంతా పుట్టేది ఆ వియ్యాల్లోంచి, పదవుల్లోంచి, పౌన్ల లెక్కల్లోంచి.

మాట కోసం దూరం పోనక్కరలేదు. ఆంగ్లికన్ మిషను 1841లోనే మచిలీపట్నం వచ్చింది. ఆ సంప్రదాయం కలిసిన దక్షిణ ఇండియా సంఘంలో నేటికీ పాస్టరు ‘అయ్యగారు’, ఆయన భార్య ‘అమ్మగారు’. సంభాషణల్లో ఇవే వాడండి. 1857లో వచ్చిన తరువాతి నవల కూడా చేయదలిస్తే మరీ కలిసివస్తుంది. అందులో బిషప్పుగారిని ఏలేది ఆయన భార్య మిసెస్ ప్రౌడీ. డయాసిసును, అంటే బిషప్పు ఏలుబడిలోని ప్రాంతాన్ని, మనవాళ్లు ‘అధ్యక్ష ఖండం’ అంటారు కనుక అధ్యక్షులెవరో పాఠకుడే తేల్చుకుంటాడు.

‘విచారణ గురువు’ కతోలికుల మాట, ఒక చర్చి బాధ్యత చూసే ఫాదరును అలా అంటారు. నాకు ఇష్టమైన మాట కూడా. మంచిచెడ్డలు విచారించడం, అంటే కనిపెట్టి చూసుకోవడం, అనే పాత అర్థం అందులో బతికి ఉంది. 1843 నుంచి తిరుమల ఆలయ నిర్వహణ చూసిన మహంతులనూ విచారణకర్తలనే అన్నారు. చర్చిలో సహాయ గురువును పిలిచే క్యూరేట్ అనే మాటకు మూలమైన లాటిన్ ‘కూరా’కూ ఇదే అర్థం. అయితే ఇప్పటి పత్రికల పుణ్యమా అని, విచారణ అనగానే ఠాణా గుర్తుకొస్తుంది. హార్డింగ్ మీద నవలలో ఎలాగూ దావా నడుస్తుంది, ఆ గందరగోళం కూడా ఎందుకు?

ఆసుపత్రి మాత్రం పొరపాటే. అక్కడ రోగులు లేరు, పన్నెండుమంది నిరుపేద వృద్ధులున్నారు. హాస్పిటల్‌కు ఆశ్రయమిచ్చే చోటు అనే పాత అర్థం ఉంది. ‘వృద్ధుల సత్రం’ అనండి. దాత హైరమ్ ఆస్తి మీద అధికారికి, అంటే వార్డెన్ అయిన హార్డింగ్‌కు, ఏటా 800 పౌన్లు, ముసలివాళ్లకు రోజుకు తలా ఒక షిల్లింగు నాలుగు పెన్సులు. హార్డింగ్ తన జేబులోంచి మరో రెండు పెన్సులు కలుపుతాడు. సత్రం సొమ్ము ఎవరి కడుపులోకి పోతోందన్న తగవు మన ఊళ్లకు కొత్తదా? ‘సత్రం’ అన్న ఒక్క మాటతో పాఠకుడు కథలో సగం పట్టేస్తాడు. వార్డెన్‌ను ‘సత్రాధికారి’ అంటే సరి. వార్డెన్ అనే ఉంచితే హాస్టలు కళ్లముందు మెదులుతుంది.

ఇంకొకటి, మీరు అడగకపోయినా. గాబరాపడినప్పుడల్లా హార్డింగ్ చేతిలో లేని చెల్లోను, అంటే వయొలిన్ జాతి పెద్ద వాద్యాన్ని, గాలిలో వాయిస్తుంటాడు. తెలుగుదనం కోసం దాన్ని వీణ చేయకండి. ఆయన చేతిలో ఆడేది కమాను.